పైడమ్మకు మళ్ళీ మొలిచిన పన్ను

డర్బన్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

భాను నమస్కారాలతో రాస్తున్నది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. మీ అత్తగారి మోకాళ్ళ నొప్పి సంగతి పోయినసారి రాయలేదు, ఈసారి మర్చిపోకు. నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకునే ఉంటావు. తిట్టు, పడతాను. కానీ మొత్తం చదివాక తిట్టు.

నువ్వు నవల చేతికొస్తే ముందు చివరి పేజీ తిప్పే మనిషివి. అందుకని చివర రాయాల్సిన మాట ఇక్కడే రాసేస్తున్నాను. నీ ఎడమ బుగ్గ లోపలి తెల్ల మచ్చను అలా వదిలెయ్యకు. ఈ ఉత్తరం అందిన మర్నాడే సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళు. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని అడుగు. అక్కర్లేదంటే నేను చెప్పానని చెప్పు. వక్కలు మాత్రం ఈ క్షణమే మానెయ్యి. పోయిన వారం మీ బడికి ఫోను చేసి ఈ సంగతే చెప్పబోతే, "నీకు జబ్బుల్ని చూసీ చూసీ అన్నీ జబ్బుల్లాగే కనిపిస్తాయే" అని నవ్వేసి, గంట కొట్టారని పెట్టేశావు. నీ నవ్వు నాకు తెలుసు. కాగితమైతే నా మాట మధ్యలో గంట కొట్టదు కదా.

నీ ఉత్తరంలో ఏం రాశావో గుర్తుందా? డాక్టరుగారు మచ్చ చూసి, భయం లేదు, దక్షిణాఫ్రికాలో ఒకావిడ ముప్పై ఏళ్ళు ఇలాంటి మచ్చే పెట్టుకుని నిక్షేపంలా తిరిగిందని పుస్తకాల్లో ఉంది, ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటే చాలు అన్నాడని రాశావు. కింద నీ కొంటెతనం కూడా చేర్చావు. "నువ్వుండే ఊళ్ళోనేనట ఆవిడ. కనిపిస్తే బొబ్బిలి పంతులమ్మ నమస్కారాలు చెప్పిందను" అని. ఆ ఉత్తరం చదివి నేనూ ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

అక్కా, ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఎలా వెళ్ళానో ఒక వరుసలో చెబుతాను.

ఇక్కడ ఇప్పుడు చలికాలం. మీరు మేలో మాడిపోతుంటే మేము స్వెట్టర్లు వేసుకుంటాం. ఈ తలకిందుల సంగతి ఏడాదిన్నరైనా నా ఒంటికి పట్టలేదు. కోతులు వంటింటి కిటికీలోంచి చెయ్యి పెట్టి అరటిపళ్ళు పట్టుకుపోతున్నాయి. బియ్యం, పప్పు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి, తిండికి లోటు లేదు, నువ్వు దిగులు పెట్టుకోకు. లోటల్లా పలకరింపుకే. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేస్తే సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినపడదు. అప్పుడప్పుడు పోపు వేస్తూ నీకు చెబుతున్నట్టే పైకి మాట్లాడతాను. పిచ్చి పట్టిందనుకోకు, బాగానే ఉన్నాను.

అందరూ ఒకే వరుసలో నిలబడి ఓట్లు వేసి రెండేళ్ళయిందని, ఇప్పుడు ఆఫీసులన్నిటినీ కలిపేస్తున్నారు. మా ఆసుపత్రిలో ఇన్నాళ్ళూ తెల్లవాళ్ళ ఫైళ్ళు ఒక గదిలో, మనవాళ్ళవి ఒక గదిలో, నల్లవాళ్ళవి కింద సెల్లారులో ఉండేవి. ఇప్పుడు మూడూ ఒకే గదిలోకి చేరుస్తున్నారు. మనిషికో నంబరు, నంబరుకో ఫైలు. ఆ పని చూసే ఆవిడ థాండి అని జులూ మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది, మాట కరుకు, టీ మాత్రం రోజూ నాకు కూడా కలిపి తెస్తుంది.

నాకిచ్చిన పని వేరు. పోయినేడాది కాలం చేసిన మా ప్రొఫెసరు గారి గురించి నీకు ఇదివరకే రాశాను. వక్క నమిలే ఆడవాళ్ళ నోటి కేన్సర్ మీద ఆయన రాసినన్ని వ్యాసాలు ఇంకెవరూ రాయలేదు. మా ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టబోతున్నారు. ఆ సభ కోసం ఆయన వ్యాసాలన్నీ ఏడాది వారీగా పేర్చి, ఏ వ్యాసాన్ని లోకంలో ఎవరెవరు ఎక్కడెక్కడ ఉదహరించారో జాబితా తయారు చెయ్యమన్నారు. దానికోసం లైబ్రరీలో ఇటుకల్లాంటి పుస్తకాలుంటాయి. చీమతలకాయంత అక్షరాలు. స్కేలు పెట్టి గీత గీతా చూసుకోవాలి. నాకు ఆయన గదే ఇచ్చారు. లవంగ నూనె వాసన ఇంకా పోలేదు. ఆయన మైక్రోస్కోపు నా కంటికి సరిచేసుకుని వెళితే, పొద్దున్నే వచ్చేసరికి మళ్ళీ ఆయన కంటికి తిరిగి ఉండేది. తుడిచే మనిషి ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ తిప్పేస్తోందని వారం తర్వాత తెలిసింది. తెలిశాక కూడా పొద్దున తలుపు తీసేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను.

ఆయన పేరు నిలబెట్టింది ఒక్క వ్యాసం. అందులో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఈ ఊరి శివారు మెరీబ్యాంకులో ఉండే భారతీయ స్త్రీ, వక్క నమిలే అలవాటు, ఎడమ బుగ్గ లోపల తెల్ల మచ్చ. ముప్పై ఏళ్ళు వరసగా చూశారు, కేన్సర్ కాలేదు. కాబట్టి ఇలాంటి మచ్చల్ని తొందరపడి కోయనక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. ఎక్కడెక్కడి వాళ్ళు ఆ మాటను ఎత్తి రాసుకున్నారో చూస్తూ చూస్తూ లెక్కపెట్టడం మానేశాను. జపాను వాళ్ళు రాశారు, సింహళం వాళ్ళు రాశారు.

ఆ మనిషి ఫొటోలు మూడు వ్యాసాల్లో ఉన్నాయి, పదేసి ఏళ్ళ తేడాతో. మొహం ఉండదు. ముక్కు దాకా తెల్లగుడ్డ కప్పి, నోరు ఒక్కటే తెరిచి తీసినవి. మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మొదటి ఫొటోలో మచ్చ పక్కన కింది దవడ పన్ను లేదు. రెండో దాంట్లో ఉంది.

ఫొటో తిరగేసి అచ్చు వేశారేమో అని వెలుతురుకి పెట్టి చూశాను. కాదు. కట్టుడు పన్నేమో అని భూతద్దం పెట్టాను. అరిగి, వక్క కాటు పట్టి ఎర్రబడిన సొంత పన్ను. మూడో ఫొటోలో పైవరుసలో, అంతకు ముందు లేని రెండు పళ్ళు కూడా వచ్చేశాయి. వ్యాసంలో వయసు కార్డు మీది లెక్క ప్రకారం పెరుగుతూ పోయింది. నోరు మాత్రం వెనక్కి నడిచింది. ఎండ గదిలోకి పడుతోంది, బయట పిల్లలు బంతాట ఆడుతున్నారు, నేను మాత్రం మూడు ఫొటోలనూ మళ్ళీ మొదటి నుంచి చూశాను. పోయిన పన్ను తిరిగొచ్చే ఒళ్ళు ఎక్కడైనా ఉంటుందా?

ప్రొఫెసరు గారు తన దగ్గర ఉంచుకున్న ప్రతిని సొరుగులోంచి తీశాను. రెండో ఫొటోలో ఆ పన్ను చుట్టూ పెన్సిలుతో సన్నగా సున్నా చుట్టి ఉంది. పక్కన పాత తేదీ ఒకటి తప్ప ఒక్క అక్షరం లేదు. ఆ సున్నా చుట్టాక ఆయన ఇంకా చాలా ఏళ్ళు బతికారు, ఇంకా చాలా రాశారు.

మర్నాడు థాండిని ఆవిడ ఫైలు అడిగాను. థాండి మూడు తెచ్చి నా ముందు పడేసింది. "నిన్ననే నిన్ను అడుగుదామనుకున్నాను. ఒకే పేరు, ఒకే ఇల్లు, పదేళ్ళకొకటి చొప్పున ఫైళ్ళు మూడు. రెండు పారేసి ఒకటి ఉంచమంటున్నారు. ఏది ఉంచను?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ సంతకాలు చూడు. మొదటి ఆవిడది వేలిముద్ర. రెండో ఆవిడది గుణకారం గుర్తు. మూడో ఆవిడ పేరు రాసింది. డాక్టర్లు నోట్లోకి చూస్తారు. నేను కాగితం చూస్తాను" అంది.

పేరు పైడమ్మ. అది చదవగానే నాకు సగం తెలిసిపోయింది అక్కా. మన వీధిలో పెద్ద అప్పలమ్మ, చిన్న అప్పలమ్మ ఉండేవారు కదా. అమ్మవారికి మొక్కుకుని పుట్టిన పిల్లలందరికీ ఆవిడ పేరే పెట్టి, ముందు పెద్ద, నడిపి, చిన్న తగిలించి పిలుచుకోవడం మన వైపు ఎవరికి వింత? ఇక్కడి గుమాస్తాలకు ఆ ముందు మాటలు పేరులో భాగమని తెలియదు. రాయలేదు. తెలిసినా సగం నమ్మకమే కదా. మిగతా సగం కోసం శనివారం టాక్సీ వ్యానెక్కి మెరీబ్యాంకు వెళ్ళాను.

ఆ పేట చమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీల ఒడిలో ఉంటుంది. పట్టపగలు కూడా గొట్టం కొస మీద మంట వెలుగుతూనే ఉంటుంది. గాలిలో కుళ్ళిన గుడ్ల వాసన, తీగల మీద ఆరేసిన చీరల మీద సన్నటి మసి. అడ్రసు చూసుకుని గేటు తట్టాను. వంగిన నడుం, చెవులకు దుద్దులు, ఒక బుగ్గ ఉబ్బెత్తుగా ఉన్న ముసలావిడ వచ్చింది. తెలుగులో, పైడమ్మగారు ఉన్నారా అని అడిగాను. నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏ పైడమ్మ కావాల? నానేనా, గోడమీదోల్లా?" అంది.

లోపల గోడ మీద రెండు పటాలు, రెండింటికీ కాగితం పూల దండలు. ముగ్గురివీ ఒకే పోత మొహాలు.

"అది మా పెద్దప్ప. పెద్ద పైడమ్మ. ఇది నడిపప్ప. నాను చిన్నదాన్ని" అంది నన్ను కుర్చీలో కూర్చోబెట్టి. అక్కను అప్ప అనే అంటోంది, మన వైపులాగే. "పెద్దప్ప ఎల్లిపోనాక పిల్లల్ని సూడ్డానికి నడిపప్పని ఆ బావకే ఇచ్చినారు. నాను ఆయన తమ్ముణ్ణి మేరేజ్ చేసినాను. సేమ్ హౌస్, సేమ్ సర్నేమ్. ముగ్గురం ఒకే డబ్బాలోది నమిలినాం."

నేను ఎందుకొచ్చానో చెప్పాను. పెద్దప్ప ఎలా పోయిందని అడిగాను.

"పుండు పడిపోనాది. మింగలేక, మింగలేక పోనాది. పుండు పడ్డాక క్లీనిక్ ఎల్లనేదు. వక్క మానీమన్నాడు డాక్టరు, మాన్నేదు. కోప్పడతాడని బయం. తరవాత కార్డొచ్చీసినాది పోస్టులో. పైడమ్మ రావాల అని. నడిపప్ప పేరు పైడమ్మే కదా. నోట్లో మచ్చ కూడా ఉన్నాది. ఎల్లినాది."

"నడిపావిడకీ పుండు పడిందా?"

"అదే సావు. ఎల్డం మానీసినాది. మల్లీ కార్డొచ్చినాది." ఆవిడ తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అప్పుడు నాను. పేరు నాదే, అమ్మీ. ఎల్లకపోతే నర్సు ఇంటికొచ్చి అల్లరి చేస్తాది. ఆ కాలంలో వైట్ డాక్టరికి ఎదురు సెప్పీదెవులు?"

"మీరు వేరే మనిషని ఆయనకి తెలియలేదా?"

"మొకం సూస్తే కదా. గుడ్డేసీవోడు, నోట్లో లైటేసీవోడు. మచ్చని సూసి నవ్వీవోడు. హలో ఓల్డ్ ఫ్రెండ్ అనీవోడు. నన్ను కాదు, దాన్ని. వెరీ డీసెంట్ మేన్, నో?"

ఆవిడ ఆ మాట ఎగతాళిగా అనలేదు అక్కా. నిజంగానే అంది. నేను గోడ మీది పటాలకేసి చూశాను. ముప్పై ఏళ్ళు నిక్షేపంలా తిరిగిన మనిషి ఎవరూ లేరు. పదేసి ఏళ్ళకు ఒకరు చచ్చిపోతుంటే, ఆ కుర్చీలో ఇంకొకరు వచ్చి కూర్చుని నోరు తెరిచారు. లోకమంతా చదివి ధైర్యం చెప్పుకున్నది ఆ కుర్చీని చూసి.

నోరు చూపించమని అడిగాను. రెండు వేళ్ళ వెడల్పుకు మించి తెరుచుకోలేదు. టార్చి వేసి, చేతికి తొడుగు వేసుకుని, బుగ్గ లోపల తడిమాను. ప్రొఫెసరు గారు పోయాక కార్డు రాలేదట. కార్డు రాలేదు కాబట్టి ఆవిడ వెళ్ళలేదు. మచ్చ మధ్యలో నా వేలికి గట్టిగా, పచ్చి జామకాయ గింజలా తగిలింది.

సోమవారం ఆవిడని నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి ముక్క తీయించాను. స్లైడు నా దగ్గరికే వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన మైక్రోస్కోపులో చూశాను. కేన్సరే. మెడలోకి ఇంకా దిగినట్టు లేదు, అదొక్కటే కాస్త ఊరట. పోయిన బుధవారం ఆపరేషను చేశారు.

ఇంక నీతో దాచకూడని మాట ఒకటుంది. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. నా థీసిస్ మొదటి పేజీలో, మొదటి వాక్యంలో ఉన్నది ఈ పైడమ్మే. ఈ వ్యాసం పట్టుకునే మన దేశపు పత్రికలో నేను పెద్ద సమీక్ష రాశాను, అది చూసే నాకు ఇక్కడ ఉద్యోగం ఇచ్చారు. నీకు మచ్చ చూసిన డాక్టరు నా జూనియరు. ఆ సమీక్ష అతనికి నేనే చేతికిచ్చాను. అంటే నీకు భయం లేదని చెప్పింది అతను కాదక్కా, నేను. ఫొటోలు అప్పుడూ చూశాను. పన్ను అప్పుడూ ఉంది. నేనూ మచ్చనే చూశాను. సిగ్గుతో, భయంతో ఈ రెండు వారాలూ అన్నం సరిగ్గా తినలేదు.

మా విభాగం పెద్దకు అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క కేసే కదా, సభ అయ్యాక చూద్దాం. పోయినవారిని కదపకూడదు" అన్నాడు. పోయినవాళ్ళు ఇద్దరు ఎక్కువున్నారండీ, వాళ్ళ పేర్లు కూడా ఎక్కడా లేవు అన్నాను. జాబితాలో ఆ వ్యాసాన్ని తియ్యలేదు. దాని కింద, ఇందులోని రోగి ముగ్గురు స్త్రీలు, ఇద్దరు నోటిపుండుతో మరణించారు, మూడో ఆవిడకు కేన్సర్ నిర్ధారణ అయింది అని టైపు చేసి ఇచ్చాను. ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికకు వేరే ఉత్తరం పంపాను. నా సమీక్ష తప్పని మన పత్రికకూ, నీ డాక్టరుకూ కూడా రాశాను. అప్పటినుంచి మా పెద్ద నాతో మాట్లాడటం లేదు. నా కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది. పొడిగించకపోతే వచ్చేస్తాను, నీ దగ్గర ఒక మంచం వేసి ఉంచు. నా పెళ్ళి ఊసు ఎత్తనని మాటిస్తేనే.

థాండి మూడు ఫైళ్ళకూ మూడు నంబర్లు ఇచ్చింది. ముందు మాటలు ఎలా పలకాలో నన్ను అడిగి, తన అక్షరాలతో అట్టల మీద రాసింది. పెద్ద, నడిపి, చిన్న. మొదటి రెండిటి మీద ఎర్ర ముద్ర కొట్టింది. ఇన్నాళ్ళకు వాళ్ళు కాగితం మీద చచ్చిపోయారు.

చిన్న చిన్న పనులు. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంగువ, కాస్త ఊరమిరపకాయలు పంపు. పెద్దాడి పరీక్షలు ఎలా రాశాడో రాయించు. అత్తగారికి, బావగారికి నా నమస్కారాలు. పక్కింటి మామ్మగారిని అడిగానను. పిల్లలకు ముద్దులు. నన్ను తిట్టడం అయ్యాక, నీ దీవెన కూడా ఒకటి కవరులో పెట్టు.

అన్నట్టు, నీ నమస్కారం అందజేశాను. నిన్న ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన కూర్చుని, మా అక్కకు కూడా మీలాగే మచ్చ ఉంది, మిమ్మల్ని చూసి ధైర్యం తెచ్చుకుంది, మీకు నమస్కారాలు పంపింది అన్నాను. దవడకు కట్టు, మాట సరిగ్గా రావడం లేదు.  నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగి, ఒక్కొక్క మాటే అంది.

"మీయప్పని క్లీనిక్ ఎల్లమను. మాకు ఇంక పైడమ్మలు నేరు."

నీ చెల్లెలు,
భాను